1991కి ముందు పీవీ

గ్రూప్ డిస్కషన్‌కి ప్రిపేర్ అయ్యే ప్రతివాడికీ పీవీ నరసింహారావు గారి గురించి ఒక వాక్యం నోటికి వచ్చు: "1991లో ఆర్థిక సంస్కరణలు తెచ్చిన ప్రధాని." 2024లో భారతరత్న వచ్చాక ఇంకో వాక్యం కలిసింది. మా క్లబ్ మీటింగ్‌లో ఒకసారి, మరి 1990కి ముందు ఆయన ఏం చేశారు అని అడిగితే, సగం మంది ఉమ్మడి వరంగల్ జిల్లా వాళ్ళే ఉన్న ఆ గదిలో "ముఖ్యమంత్రి కూడా చేసినట్టున్నారు కదా" అన్నంత వరకే వచ్చింది. తర్వాత అందరూ ఫోన్లు తీశారు.

నాకైతే అసలు కథంతా ఆ ముందే ఉందనిపిస్తుంది. లెక్క వేసి చూడండి. 1962 నుంచి 1971 దాకా ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర మంత్రి. ఆ తర్వాత పదిహేను నెలల పైచిలుకు ముఖ్యమంత్రి. 1980 నుంచి 1989 దాకా కేంద్రమంత్రి. ప్రధానిగా ఉన్నది ఐదేళ్ళే. మంత్రిగా ఉన్నది రెండూ కలిపి దాదాపు ఇరవై ఏళ్ళు. న్యాయం, సమాచారం, దేవాదాయం, ఆరోగ్యం, విద్య, విదేశాంగం, హోం, రక్షణ, మానవ వనరులు... ఇన్ని శాఖలు తిరిగిన వాళ్ళు తెలుగువాళ్ళలోనే కాదు, దేశంలోనే తక్కువ. అందుకే ఈ వ్యాసం మంత్రి పీవీ గురించి. ప్రధాని పీవీ చివర్లో ఒక్కరోజు కనిపిస్తారు, అంతే.

పుట్టింది 1921 జూన్ 28న, నర్సంపేట దగ్గర లక్నేపల్లిలో. (ఇవాళ ఆ ఊళ్ళో ఒక ఇంజనీరింగ్ కాలేజీ కూడా ఉంది. మన ఫెస్టులకి వచ్చేవాళ్ళలో అక్కడివాళ్ళు ఉంటారు.) చిన్నప్పుడే బంధువులకి దత్తత వెళ్ళడంతో ముల్కనూరు పక్కన ఉన్న వంగర ఆయన సొంతూరయింది. అప్పట్లో అది కరీంనగర్ జిల్లా, ఇప్పుడు హనుమకొండ జిల్లా. చదువు హనుమకొండలో. నిజాం కాలం కాబట్టి స్కూల్లో ఉర్దూ తప్పనిసరి. 1938లో వరంగల్‌లో ఇంటర్ చదువుతుండగా వందేమాతరం పాడినందుకు కాలేజీ నుంచి పంపేశారు. ఆ ఏడు నిజాం రాజ్యంలో చాలామంది విద్యార్థులకి అదే జరిగింది. మనకి అటెండెన్స్ షార్టేజీ వస్తేనే ఇంట్లో చెప్పడానికి భయం. ఆ పదిహేడేళ్ళ కుర్రాడు రాజ్యం దాటి నాగపూర్ వెళ్ళి చదువు పూర్తి చేసుకున్నాడు. తర్వాత పుణె ఫెర్గూసన్ కాలేజీలో బీఎస్సీ, మళ్ళీ నాగపూర్‌లో లా. అంటే మొదట సైన్స్ విద్యార్థి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

వరంగల్‌కి తిరిగొచ్చాక పాములపర్తి సదాశివరావు గారితో కలిసి 'కాకతీయ పత్రిక' నడిపారు. ఇద్దరూ కలిసి 'జయ-విజయ' అన్న పేరుతో రాసేవాళ్ళు. 'విజయ' పేరుతో పీవీ ఒక్కరే రాసిన 'గొల్ల రామవ్వ' కథ 1949లో వచ్చింది. రజాకార్ల రోజుల్లో ఒక ముసలమ్మ గుడిసెలోకి పోలీసుల నుంచి తప్పించుకుని ఒక యువకుడు వస్తాడు. చదవనివాళ్ళు ఒకసారి చదవండి, మన జిల్లా మాట ఎలా ఉండేదో అందులో వినిపిస్తుంది. రాజకీయాల్లో మొదటి మెట్టు మాత్రం ఓటమే. 1952 లోక్‌సభ ఎన్నికల్లో కరీంనగర్ నుంచి నిలబడి బద్దం ఎల్లారెడ్డి గారి చేతిలో ఓడిపోయారు. 1957లో మంథని నుంచి ఎమ్మెల్యే అయ్యారు. ఆ మంథనే ఆయన్ని వరసగా నాలుగుసార్లు గెలిపించింది.

1962లో నీలం సంజీవరెడ్డి గారి ప్రభుత్వంలో మంత్రి పదవి వచ్చింది. మొదట న్యాయం, సమాచారం. కాసు బ్రహ్మానందరెడ్డి గారు ముఖ్యమంత్రి అయ్యాక న్యాయం, దేవాదాయం. గుళ్ళ ఆస్తులు, ఆదాయం, ధర్మకర్తల నియామకం ఒక పద్ధతిలోకి తెచ్చిన దేవాదాయ చట్టం 1966లో వచ్చింది. అది పీవీ ఆ శాఖ చూస్తున్న కాలమే. 1967లో కొన్నాళ్ళు ఆరోగ్యం. ఈ భాగం మీద ఎక్కువసేపు ఆగను. ఒక్క మాట మాత్రం చెప్పాలి. విశ్వనాథ సత్యనారాయణ గారి 'వేయిపడగలు' నవలని 'సహస్రఫణ్' పేరుతో హిందీలోకి తెచ్చిందీ ఆ రోజుల్లోనే. మన సెమిస్టర్‌లో 'వేయిపడగలు' చదవడానికే టైమ్ లేదంటాం, ఆయన మంత్రి పని చేసుకుంటూ దాన్ని అనువదించారు.

1968లో విద్యాశాఖ వచ్చింది. ఇక్కడి నుంచి మనందరి జీవితాల్లోకీ ఆయన వస్తారు. మనం "ఇంటర్" అని పిలిచే రెండేళ్ళ కోర్సు, ఎంపీసీ, బైపీసీ అని విడిపోయే ఆ కూడలి, మొదటి నుంచీ ఇలా లేదు. అంతకుముందు పీయూసీ ఉండేది, అది యూనివర్సిటీల చేతిలో. 1969-70 విద్యా సంవత్సరం నుంచి దాని స్థానంలో రెండేళ్ళ ఇంటర్మీడియట్ పెట్టారు. 1971లో చట్టం చేసి ఇంటర్మీడియట్ బోర్డు ఏర్పాటు చేశారు. ఈ మార్పులన్నీ జరిగిన కాలంలో విద్యామంత్రి పీవీ. తర్వాత ఆ ఇంటర్‌ని కార్పొరేట్ కాలేజీలు ఏం చేశాయో, పొద్దున్నే ఐదింటికి స్టడీ అవర్‌కి లేచిన మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ పాపం ఆయనది కాదు లెండి.

రెండో పని తెలుగు అకాడమీ. 1968లో మొదలైంది, పీవీయే మొదటి అధ్యక్షుడు. ఉద్దేశం సూటిగా ఉంది: డిగ్రీ స్థాయిలో కూడా తెలుగు మీడియంలో చదవాలంటే పుస్తకాలుండాలి. ఫిజిక్సు, కెమిస్ట్రీ, ఎకనామిక్సు తెలుగులో రాయించాలంటే ముందు మాటలు కావాలి. పారిభాషిక పదకోశాలు అలా తయారయ్యాయి. గవర్నమెంట్ జూనియర్ కాలేజీలో తెలుగు మీడియం చదివొచ్చిన మా బ్యాచ్‌మేట్ ఒకడికి ఫస్టియర్‌లో "టార్క్" అంటే అర్థం కాలేదు కానీ "బల భ్రామకం" అనగానే ఫార్ములా రాసేశాడు. వాడి వెనక ఉన్న పుస్తకం తెలుగు అకాడమీదే. ఆ మాటల్లో కొన్ని నోరు తిరగనివి ఉన్నాయి, నిజమే. అయినా అసలు మాట ఉండటం వేరు, లేకపోవడం వేరు.

ఇదంతా ప్రశాంతంగా జరిగిందనుకోకండి. 1969లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం వచ్చింది, ముందు నిలబడింది విద్యార్థులే. కాల్పులు, మరణాలు. పీవీ మంత్రివర్గంలోనే ఉండిపోయారు. తెలంగాణలో చాలామంది పెద్దవాళ్ళు ఇప్పటికీ దాన్ని మర్చిపోలేదు. ఆ ఉద్యమం చల్లారాక, 1971 సెప్టెంబర్ 30న, ఇందిరాగాంధీ ఆయన్ని ముఖ్యమంత్రిని చేశారు. బలమైన కులం అండ లేని, సొంత వర్గం లేని మనిషి. అలాంటి మనిషైతే ఢిల్లీ మాట వింటాడని అనుకుని ఉండొచ్చు.

ఆయన విన్నారు కూడా. కాకపోతే ఒక విషయంలో ఢిల్లీ చెప్పినదాన్ని అందరికంటే సీరియస్‌గా తీసుకున్నారు. అదే భూమి.

ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి. భూపరిమితి చట్టం మన రాష్ట్రంలో 1961లోనే ఉంది. దాని ప్రకారం, నేల రకాన్ని బట్టి 27 నుంచి 324 ఎకరాల దాకా ఉంచుకోవచ్చు. 324 ఎకరాలు! అంత పెద్ద పరిమితి పెడితే మిగులు భూమి ఎక్కణ్ణుంచి వస్తుంది? 1972లో పీవీ ప్రభుత్వం తెచ్చిన బిల్లు ఐదుగురున్న కుటుంబానికి తరి అయితే 10 నుంచి 27 ఎకరాలు, ఖుష్కి అయితే 35 నుంచి 54 ఎకరాలు అని తేల్చింది. అంతకుముందే భూముల అమ్మకాలు, బదిలీలు ఆపుతూ ఆర్డినెన్స్ వచ్చింది, ఎందుకంటే చట్టం వస్తోందని తెలిస్తే రాత్రికి రాత్రి భూమి బావమరిది పేరు మీదికి పోతుంది. అసెంబ్లీ 1972లో బిల్లుని పాస్ చేసింది. 1973 జనవరి 1న రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. తర్వాత కోర్టులు కొట్టెయ్యకుండా రాజ్యాంగం తొమ్మిదో షెడ్యూల్లో కూడా చేర్చారు.

ఆ అసెంబ్లీలో కూర్చున్నవాళ్ళు ఎవరు? చాలామంది భూస్వాములు, లేదా వాళ్ళ మనుషులు. 1972 ఎన్నికల్లో పీవీ వెనుకబడిన కులాల వాళ్ళకీ కొత్తవాళ్ళకీ ఎక్కువ టికెట్లు ఇచ్చారన్న కోపం అప్పటికే ఉంది. ఇక ముఖ్యమంత్రి స్వయంగా వందల ఎకరాల ఆసామి. వంగరలో తన మిగులు భూమిని ఆయనే అప్పగించారు కాబట్టి "నీ సంగతేంటి" అని అడిగే వీలు కూడా ఎవరికీ లేకుండా పోయింది. తోటి భూస్వాములకి ఇది మరీ మంట.

సరిగ్గా అప్పుడే ముల్కీ తీర్పు వచ్చింది. 1919లో నిజాం ఇచ్చిన ఫర్మానా ప్రకారం, పదిహేనేళ్ళు స్థిరంగా నివాసం ఉన్న స్థానికులకే హైదరాబాద్ రాజ్యంలో ప్రభుత్వ ఉద్యోగాలు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక అది చెల్లుతుందా లేదా అన్న గొడవ ఏళ్ళ తరబడి నడిచింది. హైకోర్టు చెల్లదంది. 1972 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు చెల్లుతుందంది. తీర్పుని పీవీ స్వాగతించారు. కోస్తా, రాయలసీమల్లో జై ఆంధ్ర ఉద్యమం భగ్గుమంది. ఉద్యోగులు సమ్మె చేశారు, ఆ ప్రాంతపు మంత్రులు రాజీనామాలు చేశారు, కాల్పుల్లో మనుషులు పోయారు. 1973 జనవరిలో పీవీ దిగిపోయారు, రాష్ట్రపతి పాలన వచ్చింది. భూచట్టానికి రాష్ట్రపతి ఆమోదం వచ్చి అప్పటికి పట్టుమని రెండు వారాలు కూడా కాలేదు.

భూస్వాములే వెనకుండి ఉద్యమాన్ని నడిపించారని అనేవాళ్ళు చాలామంది ఉన్నారు. కోస్తా నుంచి వచ్చిన మన మిత్రులు ఒప్పుకోకపోవచ్చు. నేనూ పూర్తిగా అలా అనను. రాజధానిలో ఉద్యోగం దొరకదేమోనన్న భయం అక్కడి విద్యార్థులకి నిజంగానే ఉండేది. కానీ భూచట్టం వల్ల పోగొట్టుకునేవాళ్ళకి ఆ మంట చలి కాచుకోవడానికి పనికొచ్చింది, అందులో నాకు అనుమానం లేదు. ఎందుకంటే తర్వాత జరిగింది చూడండి: చట్టం అమల్లోకి వచ్చింది 1975 జనవరి 1న. నడుమ రెండేళ్ళు! మా తాత ఈ మాట ఎత్తితే నవ్వేవాడు. "చట్టం వస్తున్నదని ఊళ్ళె కుక్కకు సుత ఎరుకనే బిడ్డా. కాయిదాలల్ల భూమి పంచుకున్నరు, గెట్ల మీద మాత్రం ఒక్క రాయి కదల్లే" అనేవాడు. భాగాలు పంచుకున్నట్టు రాసుకోవడం, పాత తేదీల దస్తావేజులు, బినామీ పేర్లు అన్నీ నడిచాయి. కొందరికి పట్టాలొచ్చాయి, అబద్ధం కాదు. అయితే చట్టం రాసినప్పుడు అనుకున్నంత భూమి మాత్రం బయటికి రాలేదు.

చిన్న పక్క మాట. ఆ గొడవల్ని చల్లార్చడానికి 1973లో ఆరు సూత్రాల పథకం, దాని వెంట రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చాయి. ఎంసెట్ కౌన్సెలింగ్‌లో మనం తలపట్టుకున్న ఓయూ, ఏయూ, ఎస్వీయూ లోకల్, 85 శాతం, 15 శాతం, అన్నీ అక్కడివే. అప్పటికి పీవీ పదవిలో లేరు.

1998లో 'ది ఇన్‌సైడర్' అని ఆయన ఒక నవల అచ్చు వేయించారు. కల్లూరి భాస్కరం గారు 'లోపలి మనిషి' పేరుతో తెలుగు చేశారు. అఫ్రోజాబాద్ అని ఒక కల్పిత రాష్ట్రం, ఆనంద్ అని ఒక యువ నాయకుడు. ముఖ్యమంత్రి అవుతాడు, భూసంస్కరణలకి దిగుతాడు, సొంత పార్టీ వాళ్ళ చేతిలోనే దెబ్బ తింటాడు. నవలగా కొంచెం పొడుగే, మధ్యలో ఉపన్యాసాలు కూడా ఉంటాయి. కానీ ఇరవై అయిదేళ్ళ తర్వాత కూడా మనిషికి ఆ దెబ్బ ఎంత గుర్తుందో తెలుస్తుంది. 1973కి ముందు పీవీ, తర్వాత పీవీ ఒక్కరు కాదని నా అభిప్రాయం. ముందు మనిషి తను నమ్మింది గట్టిగా చెప్పి చేసేవాడు. తర్వాతి మనిషి మాట తగ్గించాడు, పని చేస్తే చప్పుడు లేకుండా చేశాడు, లేదా చెయ్యకుండా ఊరుకున్నాడు. మంచికీ చెడుకీ రెండింటికీ.

ఆ పదిహేను నెలల్లో చప్పుడు లేకుండా మొదలై నిలిచిన పని ఒకటుంది. ముఖ్యమంత్రి అయిన రెండు నెలలకే, 1971 నవంబర్‌లో, నల్లగొండ జిల్లా సర్వేల్‌లో ప్రభుత్వ గురుకుల పాఠశాల మొదలైంది. పల్లెల్లోంచి పరీక్ష పెట్టి పిల్లల్ని తీసుకుని, హాస్టల్లో ఉంచి, తిండీ చదువూ ఉచితంగా ఇచ్చే బడి. ఇవాళ రెండు రాష్ట్రాల్లో వందల గురుకులాలున్నాయి. వాటన్నిటికీ ఇదే మొదటిది. దీన్ని కాసేపట్లో మళ్ళీ తలుచుకుందాం.

1977లో హనుమకొండ నుంచి లోక్‌సభకి వెళ్ళారు, 1980లో మళ్ళీ గెలిచారు. 1980 జనవరిలో ఇందిరాగాంధీ ఆయనకి విదేశాంగం ఇచ్చారు. భాషలు పదికి పైగా వచ్చిన మనిషికి సరిపోయిన శాఖ. ఉర్దూ, మరాఠీ, హిందీ పెరిగిన ఊళ్ళూ చదివిన ఊళ్ళూ ఇచ్చినవి. స్పానిష్ మాత్రం పట్టుబట్టి నేర్చుకున్నది. 1983 మార్చిలో ఢిల్లీలో అలీనోద్యమ శిఖరాగ్ర సభ జరిగినప్పుడు విదేశాంగ మంత్రి ఆయనే.

1984 జూలైలో హోంశాఖకి మార్చారు. మూడు నెలల తర్వాత, అక్టోబర్ 31న, ఇందిర హత్య. ఢిల్లీలో సిక్కుల ఊచకోత. అధికారిక లెక్క ప్రకారమే ఒక్క ఢిల్లీలో 2,733 మంది చనిపోయారు. ఢిల్లీ పోలీసులు హోంశాఖ కింద ఉంటారు. సైన్యాన్ని దించడంలో ఆలస్యం జరిగింది. ప్రధాని కార్యాలయం వ్యవహారమంతా తన చేతిలోకి తీసుకుందనీ, హోంమంత్రి పక్కన ఉండిపోయారనీ ఆయన జీవిత చరిత్ర 'హాఫ్ లయన్' రాసిన వినయ్ సీతాపతి అంటారు. అలా అంటూనే ఆయన్ని తప్పు పట్టకుండా వదల్లేదు కూడా. మన ఊరి మనిషి అని మనం ఈ పేజీ తిప్పేసుకోకూడదు. శాఖ పేరు తన మీద ఉన్నప్పుడు, వేరేవాళ్ళు చూసుకుంటున్నారన్న జవాబు ఆ రెండువేల ఏడొందల కుటుంబాలకి సరిపోదు. రాజీనామా చేసే దారి ఒకటి ఉండేది. 1992 డిసెంబర్ 6 గురించి అడిగేవాళ్ళు 1984 నవంబర్ నుంచి అడగాలి.

ఆ డిసెంబర్‌లోనే ఎన్నికలు. దేశమంతా కాంగ్రెస్ గాలి, మన దగ్గర మాత్రం ఎన్టీఆర్ గాలి. పీవీ హనుమకొండతో పాటు మహారాష్ట్రలోని రాంటెక్‌లో కూడా నామినేషన్ వేశారు. రాంటెక్ గెలిపించింది. హనుమకొండ ఓడించింది. గెలిచినాయన బీజేపీ అభ్యర్థి చందుపట్ల జంగారెడ్డి గారు. ఆ ఎన్నికల్లో దేశం మొత్తం మీద బీజేపీకి వచ్చినవి రెండే సీట్లు. ఒకటి గుజరాత్‌లో మెహసానా, రెండోది మన హనుమకొండ. క్విజ్‌లో అడగడానికి బాగుంటుంది. కానీ సొంత గడ్డ మీద, ఏళ్ళ తరబడి మంత్రి పదవులు చూసిన మనిషికి అది ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి.

ఓడినా ఢిల్లీలో స్థానం పోలేదు. రాజీవ్ గాంధీ మొదట రక్షణ ఇచ్చారు. 1985 సెప్టెంబర్‌లో విద్య, సంస్కృతి లాంటి శాఖలన్నీ కలిపి మానవ వనరుల అభివృద్ధి శాఖ అని కొత్తది పెట్టి, దానికి పీవీని మొదటి మంత్రిని చేశారు.

ఈ నియామకంలో ఒక తమాషా ఉంది. పీవీ రాష్ట్ర విద్యామంత్రిగా ఉన్నప్పుడు విద్య రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాల జాబితాలో ఉండేది. కేంద్రం సలహాలు చెప్పగలదు, అంతే. 1976లో 42వ సవరణతో విద్యని ఉమ్మడి జాబితాలోకి తెచ్చారు. దాంతో కేంద్రానికి కూడా చట్టం చేసే అధికారం వచ్చింది. అంటే బల్లకి అటువైపు కూర్చుని పని నేర్చుకున్న మనిషి ఇప్పుడు ఇటువైపుకి వచ్చారు. 1986 మే నెలలో పార్లమెంటు ఆమోదించిన జాతీయ విద్యావిధానం ఆయన శాఖ తయారుచేసింది. 2020లో కొత్తది వచ్చేదాకా, 1992లో చేసిన కొన్ని మార్పులతో, దేశానికి అదే ఆధారం. మన కాలేజీల బోర్డుల మీద "అటానమస్" అని గర్వంగా రాసుకుంటారు చూడండి, ఆ పద్ధతిని పెంచాలని గట్టిగా చెప్పిన పత్రాల్లో అదొకటి. అలాగే ఏఐసీటీఈ. 1945 నుంచి ఉన్నా అది సలహా సంఘమే. 1987లో పార్లమెంటు చట్టం చేసి దానికి అధికారం ఇచ్చింది. ఇంజనీరింగ్ కాలేజీ పెట్టాలన్నా, సీట్లు పెంచాలన్నా దాని అనుమతి కావాలన్నది అప్పటి నుంచి. అప్పుడూ మంత్రి పీవీయే.

వీటన్నిటికంటే నాకు నచ్చేది నవోదయ. 1985-86లో హర్యానాలో ఝజ్జర్, మహారాష్ట్రలో అమరావతి, రెండు చోట్ల మొదలైంది. జిల్లాకొక బడి, ఆరో తరగతికి ప్రవేశ పరీక్ష, 75 శాతం సీట్లు గ్రామీణ పిల్లలకి, మూడోవంతు ఆడపిల్లలకి, హాస్టల్, తిండి, పుస్తకాలు ఉచితం. సర్వేల్‌ని గుర్తు తెచ్చుకుని పక్కపక్కన పెట్టి చూడండి. ఇవాళ దేశంలో 650కి పైగా నవోదయలున్నాయి. మనకి దగ్గర్లో మామునూరులో ఒకటుంది. తమిళనాడు మాత్రం భాష విషయం మీద ఒప్పుకోలేదు, అక్కడ నవోదయ లేదు. ఉమ్మడి జాబితా అంటే ఇదీ: కేంద్రం పథకం పెట్టొచ్చు, రాష్ట్రం కాదంటే స్థలం దొరకదు.

మా రూమ్మేట్ నవోదయ వాడు. అక్కడ తొమ్మిదో తరగతిలో కొందరు పిల్లల్ని, దాదాపు మూడోవంతుని, హిందీ ప్రాంతం నుంచి హిందీయేతర ప్రాంతానికీ, ఇటు నుంచి అటూ ఏడాది పాటు మారుస్తారు. వీడు మధ్యప్రదేశ్ వెళ్ళాడు. "ఫస్ట్ నెల రోజూ ఏడ్చిన్రా. రొట్టె తినలేక. ఇప్పుడు చూడు, మెస్సుల అన్నం వదిలి రొట్టెల లైన్ల నిలబడుతున్న" అంటాడు. వాళ్ళ నాన్న హమాలీ. ఆ పరీక్ష లేకపోతే ఆరో తరగతి తర్వాత ఏమయ్యేవాడివి అని అడిగితే భుజాలెగరేసి, "ఏమో, తెల్వది" అని ల్యాబ్ రికార్డు రాసుకున్నాడు. మేరిటోరియస్ పిల్లల్ని ఏరి తీసుకుపోతే మిగతా ఊరి బడి సంగతేంటన్న విమర్శ నవోదయ మీద మొదటి నుంచీ ఉంది. న్యాయమైన విమర్శే. అయినా మా రూమ్ తలుపు దగ్గర నిలబడి ఆ మాట అనాలంటే నాకు కొంచెం ఇబ్బందిగా ఉంటుంది.

సైన్స్ విద్యార్థి సంగతి గుర్తుపెట్టుకోమన్నాను కదా. ఆయన కుమారుడు ప్రభాకరరావు గారు చెప్పిన విషయం ఇది. ఎనభైల మధ్యలో రాజీవ్ గాంధీ ఎవరితోనో కంప్యూటర్ల గురించి మాట్లాడుతూ, పాతతరం వాళ్ళకి ఇదంతా ఎలా అర్థమవుతుందో అన్నట్టు అన్నారట, పీవీ పక్కనే ఉండగా. ఆయన ఏమీ అనలేదు. కొడుక్కి ఫోన్ చేసి కంప్యూటర్ తెప్పించుకున్నారు. నేర్పడానికి ఒక మనిషిని పెట్టుకున్నారు. కొన్నాళ్ళకి టైప్ చెయ్యడం దాటి బేసిక్, కోబాల్ లాంటి ప్రోగ్రామింగ్ భాషల దాకా వెళ్ళారు. అప్పటికి అరవై అయిదేళ్ళు దగ్గరపడ్డాయి. మన సీ-ప్రోగ్రామింగ్ బ్యాక్‌లాగ్ వీరులు ఈ పేరా రెండుసార్లు చదవగలరు. నాకు ఇందులో నచ్చింది కోబాల్ కన్నా, ఆ పక్కన నిలబడి ఏమీ అనకపోవడం. 1973 తర్వాతి మనిషి అన్నానే, ఆయనే.

1988 జూన్‌లో మళ్ళీ విదేశాంగానికి వెళ్ళారు. ఆ డిసెంబర్‌లో రాజీవ్ చైనా పర్యటన ఆయన మంత్రిగా ఉండగానే. 1989లో కాంగ్రెస్ ఓడింది. 1991లో ఆయన పోటీ చెయ్యలేదు. ఆరోగ్యం బాగాలేదు, పుస్తకాలు సర్దుకుని హైదరాబాద్ వచ్చేద్దామనుకున్నారు. మే 21న రాజీవ్ హత్య జరిగింది. సరిగ్గా నెలకి, జూన్ 21న, ఎంపీ కూడా కాని పీవీ ప్రధాని అయ్యారు.

ఇక చివర్లో చెప్తానన్న ఆ ఒక్క రోజు: 1991 జూలై 24. ప్రధాని అయినప్పుడు ఆయన పరిశ్రమల శాఖ వేరేవాళ్ళకి ఇవ్వలేదు, తన దగ్గరే ఉంచుకున్నారు. అప్పటిదాకా దేశంలో ఫ్యాక్టరీ పెట్టాలన్నా, ఉన్నదాంట్లో ఉత్పత్తి పెంచాలన్నా లైసెన్స్ కావాలి. ఆ రోజు పార్లమెంటు ముందుకొచ్చిన కొత్త పారిశ్రామిక విధానం 18 పరిశ్రమలు తప్ప మిగతావాటికి లైసెన్స్ అక్కర్లేదంది. నలభై ఏళ్ళ వ్యవస్థ ఒక్క కాగితంతో పోయింది. దాన్ని సభలో పెట్టింది ప్రధాని కాదు, ఆయన కింద సహాయమంత్రిగా ఉన్న పి.జె. కురియన్. ఉపన్యాసం లేదు, హడావుడి లేదు. కొన్ని గంటల తర్వాత, సాయంత్రం, మన్మోహన్ సింగ్ గారు లేచి బడ్జెట్ చదివారు. మర్నాడు పేపర్లలో హెడ్డింగులన్నీ బడ్జెట్ మీదే.